నిశ్చితార్థం ఉంగరం అరచేతి వైపే ఎందుకు విరుగుతుంది? ఈసారి కొనేటప్పుడు ఏం చూడాలి?

మీ ప్రశ్న ఇది: అక్కకు నిశ్చితార్థంలో పెట్టిన రాళ్ల ఉంగరం, 22 క్యారెట్లు, రాళ్లు తీసేస్తే నికరంగా 3 గ్రాములు. మధ్యలో ఒకసారి సైజు తగ్గించారు. రెండేళ్లకే అరచేతి వైపు తెగిపోయింది. షాపువాళ్లు "హాల్‌మార్క్ ఉంది కదండీ, బంగారంలో లోపం లేదు, వాడకం వల్లే" అంటున్నారు. ఇప్పుడు తమ్ముడి నిశ్చితార్థానికి రెండు ఉంగరాలు కావాలి, ఈసారి విరగనివి ఎలా ఎంచుకోవాలి?

షాపువాళ్లు చెప్పినదాంట్లో సగమే నిజం. హాల్‌మార్క్ బంగారం ఎంత స్వచ్ఛమో చెబుతుంది, అంతే. ఉంగరం ఎంత మందం ఉందో, అతుకు గట్టిగా పడిందో లేదో ఆ పరీక్షలో చూడరు. అసలైన 916 బంగారంతోనే (అంటే 22 క్యారెట్లు) రెండేళ్లకు తెగిపోయే ఉంగరం చేయొచ్చు, పాతికేళ్లు నిలిచేదీ చేయొచ్చు. ఆ తేడా మనం షాపులో కన్నెత్తి చూడని చోట, అంటే ఉంగరం అడుగున ఉంటుంది.

మాట తేలికయ్యేందుకు రాయి కూర్చున్న పై భాగాన్ని పువ్వు అని, వేలిని చుట్టుకుని ఉండే భాగాన్ని చుట్టు అని అందాం. గిన్నె పట్టుకున్నా, బండి హ్యాండిల్ తిప్పినా, బస్సులో కడ్డీ పట్టుకున్నా ఒరుసుకునేది చుట్టులో అరచేతి వైపు భాగమే. పువ్వుకు ఆ ఒరిపిడి అంతగా ఉండదు. అయినా తయారీలో బంగారమంతా పువ్వులోకే పోతుంది, ఎందుకంటే కొనేవాళ్ల కళ్లు అక్కడే ఉంటాయి. తూకం తగ్గించి ధర అందుబాటులో ఉంచాలంటే ముందు పలచన చేసేది చుట్టు అడుగునే.

లెక్క వేసి చూద్దాం. మన షాపుల సైజు 14 అంటే లోపలి చుట్టుకొలత సుమారు 54 మిల్లీమీటర్లు. దానికి 2 మిల్లీమీటర్ల వెడల్పు, 1 మిల్లీమీటరు మందంతో బల్లపరుపు చుట్టు చేస్తే 22 క్యారెట్లలో దాదాపు 2 గ్రాములు పడుతుంది. మందం ఒకటిన్నరకు పెంచితే 3.1 గ్రాములు, 1.8కి పెంచితే 3.8 గ్రాములు. ఇదంతా పువ్వు లేని సాదా చుట్టుకే. మీ అక్క ఉంగరంలో పువ్వుకే గ్రామున్నర పోయిందనుకుంటే చుట్టుకు మిగిలింది గ్రామున్నర, అంటే కొత్తలోనే మందం ఒక మిల్లీమీటరుకు లోపు. అందులోంచి రోజూ కొంచెం కొంచెం అరిగిపోతూ వచ్చింది.

మందం కొంచెం తగ్గితే బలం కొంచెమే తగ్గుతుందనుకోవద్దు. వంగిపోకుండా తట్టుకునే బలం మందం వర్గాన్ని బట్టి, బిరుసుదనం, అంటే ఎంత తక్కువ వంగుతుందన్నది, మందం ఘనాన్ని బట్టి మారతాయి. అదే వెడల్పులో 1 మిల్లీమీటరు చుట్టుకన్నా ఒకటిన్నర మిల్లీమీటర్ల చుట్టు రెండింతలకు పైగా బలంగా, మూడింతలకు పైగా బిరుసుగా ఉంటుంది. పైన వేసిన లెక్కలో ఆ తేడాకు పడేది ఒక్క గ్రాము చిల్లర బంగారం. ఎప్పుడు మార్చినా ఆ బంగారం విలువ మీకు తిరిగి వస్తుంది కూడా. రాళ్ల మీద, డిజైన్ మీద పెట్టే డబ్బులో కొంత ఇటు మళ్లించమని నేను అందరికీ గట్టిగా చెప్పే మాట ఇదే.

ఇక విరిగిన ముక్క సంగతి. దాన్ని పారేయకండి, కరిగించమని అప్పుడే ఇచ్చేయకండి. ఎందుకు విరిగిందో ఆ విరుపే చెబుతుంది. ఎండలో పెట్టి, ఫోన్ కెమెరా జూమ్ చేసి రెండు కొసలూ చూడండి. కంసాలి దగ్గర పది రెట్లు పెద్దది చేసి చూపే లూప్ ఉంటే ఇంకా మంచిది.

కొసలు కత్తి అంచులా పలచబడి, మెత్తగా సాగి ఉంటే అది అరుగుదల. చుట్టు మందం పక్కభాగాల్లో 1.2 మిల్లీమీటర్లు ఉండి అడుగున 0.6కి దిగి ఉంటుంది, మందం కొలిచే కాలిపర్‌తో చూస్తే తెలిసిపోతుంది. కొస నున్నగా, తెగినట్టు తిన్నగా ఉండి, ఆ ముఖం మీద రంగు కొంచెం పాలిపోయినట్టు ఉంటే అతుకు విడిపోయింది. సైజు మార్చిన ఉంగరాల్లో నేను ముందు అనుమానించేది దీన్నే. కొస మీద పంచదార పలుకుల్లాంటి గరుకు, సూదిమొనంత రంధ్రాలు కనిపిస్తే పోతలోనే లోపం ఉంది. బంగారం చల్లబడేటప్పుడు లోపల గాలి బుడగలు చిక్కుకున్నాయి, లేదా కుంచించుకుపోయి గుల్ల ఏర్పడింది. ఇది ఎక్కువగా పువ్వు చుట్టును కలిసే మెడ దగ్గర కనిపిస్తుంది, ఎందుకంటే మందమైన భాగం ఆలస్యంగా, పలచనిది ముందుగా గడ్డకడతాయి. ఒక్క చోట కాకుండా రెండు మూడు చోట్ల సన్నని పగుళ్లు ఉండి, వంచితే సాగకుండా పుటుక్కున విరిగితే బంగారంలో సీసం లాంటిది కలిసింది, లేదా పాదరసం తగిలింది.

మీ అక్క ఉంగరానికి సైజు తగ్గించారు కాబట్టి విరిగిన చోటు ఆ అతుకు మీదే ఉందా, పక్కన ఉందా అన్నది ముందు చూడండి. సైజు తగ్గించేటప్పుడు అడుగున చిన్న ముక్క కోసేసి, రెండు కొసలూ దగ్గరకు తెచ్చి, వెలిగారం రాసి, టంకం కరిగించి అతుకుతారు. కొసలు రెండూ ఒకదానికొకటి సందు లేకుండా ఆనాలి. ఆకురాయితో సరిగ్గా సమం చేయకపోతే ఆ సందును టంకమే నింపుతుంది, అప్పుడు ఉంగరాన్ని పట్టుకుని ఉండేది 22 క్యారెట్ల బంగారం కాదు, టంకం. లేదా పైపై పొరకే టంకం పాకి లోపల ఖాళీ మిగులుతుంది. పైకి మెరుగు పెట్టాక మంచి అతుకూ, ఇలాంటి అతుకూ ఒకేలా నిగనిగలాడతాయి. పైగా అతుకు పడిన చోటు రోజూ ఒరుసుకునే చోటే. షాపులు అతుకును అరచేతి వైపు పెట్టేది అది కనపడదని, అక్కడైతే పువ్వుకు మంట తగలదని. అందులో తప్పు లేదు, కానీ అతుకు ఉన్న చోట మందం ఇంకా ఎక్కువ ఉండాలి. పలచని చుట్టుకు అడుగున అతుకు వేస్తే రెండు బలహీనతలూ ఒక్క చోటే కలుస్తాయి.

ఇక్కడే కేడీఎం గురించి కూడా చెప్పాలి, పెళ్లి షాపింగులో ఈ మాట ఇప్పటికీ గొప్పగా వినిపిస్తుంది. అది స్వచ్ఛతకు పేరు కాదు. బంగారంలో కాడ్మియం కలిపి చేసిన టంకానికి పేరు. అంతకు ముందు రాగి, వెండి ఎక్కువున్న టంకం వాడితే నగ మొత్తం స్వచ్ఛత పడిపోయేది, ఆ ఇబ్బంది తీర్చడానికి ఇది వచ్చింది. కాడ్మియం 321 డిగ్రీలకే కరుగుతుంది, 767 డిగ్రీలకు ఆవిరవుతుంది. ఆ పొగ పని చేసేవారి ఊపిరితిత్తులను, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. అందుకే ఇప్పుడు జింకు లాంటివి కలిపిన టంకం వాడతారు, లేదా లేజర్‌తో అతుకుతారు. "కేడీఎం 916" అని ఎవరైనా చెప్తే అది మెచ్చుకోవాల్సిన గుణం కాదు.

అతుకు లేకుండా ఉంగరం చేయలేరా అంటే, చేస్తారు. పోత ఉంగరాలు ఒకే ముక్కగా వస్తాయి, అతుకు ఉండదు, కానీ గుల్ల భయం ఉంటుంది. కమ్మచ్చులో, అంటే తీగ లాగే రంధ్రాల పలకలో, లాగిన తీగతో చేతితో చేసిన ఉంగరం లోహం దట్టంగా, గట్టిగా ఉంటుంది, కానీ ఒక అతుకు తప్పదు. గొట్టంలోంచి కోసి మెషీన్ మీద తిప్పిన సాదా ఉంగరాల్లో అతుకూ లేదు, గుల్లా ఉండదు. రాళ్లు లేని సాదా ఉంగరం కావాలనుకునేవారికి నా మొదటి ఓటు దీనికే.

రసాయనాల సంగతి చాలామంది నమ్మరు, బంగారానికి ఏం కాదంటారు. స్వచ్ఛమైన బంగారానికి ఇంట్లో దొరికేవాటితో పెద్దగా ఏమీ కాదు, నిజమే. కానీ ఉంగరంలో రాగి, వెండి, అతుకులో జింకు ఉంటాయి. బ్లీచింగ్ పౌడర్ నీళ్లు, స్విమ్మింగ్ పూల్ క్లోరిన్ వాటిని పట్టుకుంటాయి. బంగారం తక్కువైన కొద్దీ ఈ దెబ్బ ఎక్కువ. 14 క్యారెట్లలోను, నికెల్ కలిపిన వైట్ గోల్డ్‌లోను ఒత్తిడి ఉన్న చోట పగుళ్లు వస్తాయి, ముఖ్యంగా రాయిని పట్టుకున్న కొక్కేల మొదట్లో. పాదరసమైతే ఏ క్యారెట్‌నూ వదలదు. పాత థర్మామీటరు పగిలినప్పుడు చేతికి ఉంగరం ఉంటే ఆ చోట తెల్లగా మారి పెళుసెక్కుతుంది. అలాంటి ఉంగరాన్ని ఇంట్లో కాల్చి బాగు చేయాలని చూడకండి, ఆ ఆవిరి విషం.

పాత బంగారం కరిగించి చేయించేవారికి ఇంకో మాట. అమ్మమ్మ గొలుసు, విరిగిన కమ్మలు అన్నీ ఒకే మూసలో వేసి కరిగిస్తే వాటి పాత టంకం అంతా అందులోనే కలుస్తుంది. ఎక్కడైనా సీసం టంకంతో మరమ్మతు చేసి ఉంటే కొత్త ఉంగరం పెళుసెక్కడానికి అది చాలు. లండన్‌లో చార్లెస్ హాచెట్ అనే రసాయన శాస్త్రవేత్త నాణేల బంగారం ఎందుకు అరుగుతుందో, ఎందుకు పెళుసెక్కుతుందో పరీక్షించి 1803లోనే ఈ సంగతి రాశాడు. సీసం, బిస్మత్ అనే లోహం వెయ్యింట ఒక పాలు కన్నా తక్కువ కలిసినా బంగారం పెళుసు అవుతుంది. ఎంత లావుగా చేసినా అలాంటి ఉంగరం నిలవదు. పాత నగలు ఇవ్వాలనుకుంటే శుద్ధి చేయించి కొత్తగా రాగి, వెండి కలిపించండి, లేదా మార్పిడి కింద ఇచ్చేసి కొత్త బంగారంతో చేయించుకోండి.

ఇక క్యారెట్ల మాట. 22 క్యారెట్లు అంటే 91.6 శాతం, 18 అంటే 75 శాతం, 14 అంటే 58.5 శాతం బంగారం. కాల్చి మెత్తబరిచిన స్థితిలో విక్కర్స్ అనే కొలతలో గట్టిదనం చూస్తే (అంకె ఎక్కువైతే లోహం అంత గట్టి) 24 క్యారెట్లు 20 నుంచి 30 మధ్య, 22 క్యారెట్లు 50, 70 మధ్య, 18 క్యారెట్ల పసుపు బంగారం 120 పైన ఉంటాయి. గిన్నెల స్టీలు వీటన్నిటికన్నా గట్టిది, అందుకే స్టీలుకు ఒరుసుకున్న ప్రతిసారీ అరిగేది ఉంగరమే. గట్టిదనం కాక 18 క్యారెట్లకు ఇంకో లాభం కూడా ఉంది, దీన్ని ఎవరూ చెప్పరు. 18 క్యారెట్ల బంగారం బరువు తక్కువ కాబట్టి అదే 3 గ్రాముల్లో దాదాపు 15 శాతం ఎక్కువ పరిమాణం వస్తుంది. అంటే అదే తూకానికి చుట్టు ఇంకొంచెం మందంగా వస్తుంది.

అలాగని 22 క్యారెట్లు వద్దనడం లేదు. మన ఇళ్లలో కాసు అని లెక్కపెట్టే 8 గ్రాముల తూకానికి దగ్గరగా ఉండే ఇంగ్లండ్ సవరిన్ నాణెం కూడా 22 క్యారెట్లదే, చేతులు మారుతూ తిరగడానికి చేసినదే. 22 క్యారెట్లకు ఒక మంచి గుణం ఉంది, విరిగే ముందు వంగుతుంది, అంటే ముందే చెబుతుంది. రాళ్లు లేని ఉంగరం, లేదా రాయి చుట్టూ గోడ కట్టి మూసిన సెట్టింగ్ అయితే 22 నిక్షేపంగా తీసుకోండి, మందం మాత్రం తగ్గనివ్వకండి. సన్నని కొక్కేలతో రాయిని ఎత్తి పట్టుకునే వజ్రం ఉంగరానికి 22 పనికిరాదు. కొక్కేలు చీర కుచ్చిళ్లకు తగులుకుని మెల్లగా తెరుచుకుంటాయి. అక్కడ 18 తీసుకోండి, కొక్కేలు నాలుగు కాక ఆరు ఉంటే ఇంకా నయం, ఒకటి పోయినా రాయి నిలుస్తుంది. రోజ్ గోల్డ్ అడిగితే ఒక జాగ్రత్త: 18 క్యారెట్ల రోజ్ గోల్డ్‌ను కాల్చాక మెల్లగా చల్లారనిస్తే పెళుసెక్కుతుంది, వెంటనే ముంచి చల్లబరచాలి. ఆ పని తెలిసినవారి చేతనే సైజు మార్పించాలి.

షాపుకు వెళ్లేటప్పుడు వంద, రెండు వందల రూపాయల ప్లాస్టిక్ కాలిపర్ ఒకటి జేబులో పెట్టుకోండి. మొహమాటపడకండి, కొనేది మీరు. ఉంగరాన్ని బోర్లించి ముందు అడుగు మందం కొలవండి (కింది కొలతలన్నీ మిల్లీమీటర్లలో). ఆడవాళ్ల 18 క్యారెట్ల రాళ్ల ఉంగరానికి అడుగున 1.5 మందం, 2 వెడల్పు తగ్గకూడదు. 22 క్యారెట్ల సాదా ఉంగరానికి 1.5 నుంచి 1.8 మందం, రెండున్నర వెడల్పు. మగవాళ్ల ఉంగరానికి 1.8 నుంచి 2 మందం, 3 నుంచి 4 వెడల్పు. మగవాళ్ల ఉంగరాల్లో మోసపోయేది ఎక్కువ, పైన పెద్ద పలక ఉంటుంది, లోపల గుల్లగా తొలిచి ఉంటుంది, అడుగున తీగంత సన్నగా ఉంటుంది. వేలు వైపు నుంచి చూస్తే తెలిసిపోతుంది.

తర్వాత లోపలి వైపు లైటు పడేలా తిప్పుతూ చూడండి. అడ్డంగా సన్నని గీత, రంగు తేడా కనిపిస్తే అది అతుకు. కొత్త ఉంగరంలో అది ఉంటే తప్పు కాదు, కానీ ఎక్కడ ఉందో, ఎందుకు ఉందో అడగండి. షోకేసులో ఉన్నదాన్ని మీ సైజుకు మార్చి ఇస్తామంటే, రెండు సైజులకు మించి మార్చాల్సి వస్తే వద్దనండి, మీ సైజులోనే చేయించమనండి. పెద్దది చేయడానికి సాగదీస్తే చుట్టు పలచబడుతుంది, ఒక సైజు వరకు పర్వాలేదు. అంతకు మించితే ముక్క వేయాలి, అంటే రెండు అతుకులు. చుట్టూతా రాళ్లున్న ఉంగరానికి సైజు మార్పే కుదరదు. కొస తెరిచి ఉండే అడ్జస్టబుల్ రకాన్ని నిశ్చితార్థానికి నేను సలహా ఇవ్వను. పెట్టుకున్న ప్రతిసారీ వెనక్కీ ముందుకూ వంచుతుంటే లోహం గట్టిపడి, అలసి, ఒకరోజు వంగాల్సిన చోట విరుగుతుంది.

హాల్‌మార్క్ సంగతి. మన దేశంలో 2021 జూన్ 16 నుంచి దశలవారీగా తప్పనిసరి అయింది, 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాల, అంకెల హెచ్‌యూఐడీ (ఒక్కో నగకు విడిగా ఇచ్చే గుర్తింపు కోడ్) లేని నగ అమ్మకూడదు. ప్రమాణాల సంస్థ బీఐఎస్ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ ఆరింటినీ కొడితే స్వచ్ఛత, నగ రకం కనిపిస్తాయి. యాప్‌లో కమ్మలు అని వచ్చి చేతిలో ఉంగరం ఉంటే తీసుకోకండి. 2 గ్రాముల లోపు నగలకు హాల్‌మార్క్ తప్పనిసరి కాదు, కాబట్టి సన్నని ఉంగరాల్లో మోసానికి ఇంకో సందు ఉంది. సైజు మార్చేటప్పుడు ఆ హెచ్‌యూఐడీ ఉన్న చోట కోయొద్దని ముందే చెప్పండి, బిల్లులో స్వచ్ఛత, మొత్తం తూకం, రాళ్ల తూకం, నికర తూకం విడివిడిగా రాయించుకోండి.

సైజు తీసుకోవడంలో కూడా ఉంగరం ఆయుష్షు ఉంది, ఎందుకంటే సైజు తప్పితేనే అతుకు వస్తుంది. దారంతో కొలవకండి, సాగుతుంది. సన్నని కాగితం ముక్క వేలికి చుట్టి, కలిసిన చోట గీత పెట్టి మిల్లీమీటర్లలో కొలవండి. అందులోంచి 40 తీసేస్తే మన షాపుల సైజు వస్తుంది, 54 వస్తే 14. సాయంత్రం పూట, వేళ్లు కొంచెం ఉబ్బి ఉన్నప్పుడు, రెండు వేర్వేరు రోజులు కొలవండి. 5 మిల్లీమీటర్లకు మించిన వెడల్పు ఉంగరమైతే ఒక సైజు ఎక్కువ తీసుకోండి.

కొన్నాక చేయాల్సింది పెద్దగా లేదు. గిన్నెలు తోమేటప్పుడు, జిమ్‌లో, బాత్రూం కడిగేటప్పుడు తీసి పక్కన పెట్టాలి. రాళ్ల ఉంగరం పక్కనే ఇంకో ఉంగరం పెట్టుకుంటే వజ్రం పక్కదాన్ని కోసేస్తుంది. ఏడాదికి ఒకసారి అడుగు మందం కొలిపించి, కొక్కేలు చూపించండి. ఉంగరాన్ని చెవి దగ్గర పెట్టి వేలితో మెల్లగా తడితే రాయి కదిలిన చప్పుడు వినపడుతుంది. వీధిలో మెరుగు పెడతామని వచ్చేవారికి మాత్రం ఇవ్వకండి. వాళ్లు ముంచే ద్రావణంలో మీ బంగారమే కరిగిపోతుంది, ఉంగరం మెరుస్తూ, పలచబడి తిరిగొస్తుంది.

మీ అక్క ఉంగరానికి వస్తే, మళ్లీ ఒక టంకం చుక్క వేయించి ఊరుకోకండి. అడుగున మందం 0.8కి దిగి ఉంటే అతుకు పక్కన మళ్లీ విరుగుతుంది. చుట్టులో అడుగు సగం మొత్తం కోసేసి, 1.8 మందం ఉన్న కొత్త 22 క్యారెట్ల ముక్క వేయమనండి. అతుకులు రెండూ వేలికి ఇరువైపులా వస్తాయి, అరచేతి ఒరిపిడి వాటి మీద పడదు. బంగారం రెండు గ్రాముల లోపే పడుతుంది. పువ్వులో ఉన్న రాళ్లేమిటో ముందే చెప్పండి. ముత్యం, పగడం, పచ్చ ఉంటే మంట తగలకూడదు, వాటిని తీసి పని చేయాలి, లేదా లేజర్ ఉన్న చోటికి ఇవ్వాలి. వజ్రమైనా బోరిక్ ఆమ్లం పూత లేకుండా మంట పెడితే పైన మసక కమ్ముతుంది. ఇచ్చే ముందు తూకం రాయించుకోండి, కోసి తీసిన పాత ముక్కను తూకం వేసి చూపించమనండి, దాని విలువ బిల్లులో తగ్గించుకోండి.